గాలికి దారి

1929లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, చెర్రీ గ్రోవ్‌లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజిన్‌తో సొంత విమానం ఎగరేశాడు. నీళ్లతో చల్లబడే ఇంజిన్ కాబట్టి రేడియేటర్ తప్పలేదు. దాన్ని ఇంజిన్ పైన నిలబెడితే గాలి బాగానే తగిలింది, పైలట్ చూపుకే అడ్డొచ్చింది.

అంతకు ఏడాది ముందే లాంగ్లీ విమాన పరిశోధన ప్రయోగశాలలో ఇంజినీర్ ఫ్రెడ్ వైక్ బృందం గాలితో చల్లబడే ఇంజిన్‌కు చుట్టూ కౌలింగ్ అనే కవచం తొడిగింది. దాంతో కర్టిస్ హాక్ విమానం వేగం గంటకు 118 మైళ్ల నుంచి 137కు పెరిగింది.

సిలిండర్లు అడ్డంగా పడుకునే ఇంజిన్లకైతే కౌలింగ్ లోపల గాలిని మళ్లించే బాఫిల్ రేకులు బిగించారు. ముక్కులోంచి దూరిన గాలి పైన ఒత్తిడి పెంచి, సిలిండర్ల రెక్కల మధ్యగా కిందికి దిగుతుంది. రేకు పక్కన సందు మిగిలితే గాలి అటే జారుకుంటుంది, సిలిండర్ కాగుతుంది.

బర్ట్ రూటాన్ రూపొందించిన, 1975లో ఎగిరిన వేరీఈజీ విమానానికి ఇంజిన్, ప్రొపెల్లర్ వెనకవైపు. ముక్కులోంచి గాలి అక్కడికి అందదు కాబట్టి చల్లగాలిని పొట్ట కింది నుంచి తీసుకోవాల్సి వచ్చింది.