చితాభస్మము - ఆభరణము - అక్షరము

గతించినవారి గుర్తును కన్నుల యెదుట నిలుపుకొనవలెనను కోరిక ఏ జాతికిని క్రొత్తది కాదు. ఇటీవల పాశ్చాత్య దేశములలో చితాభస్మమును లాకెట్టులలోను, ఉంగరములలోను పొదిగించుకొని ధరించుచున్నారు. మనుష్యులదే కాక, పెంపుడు కుక్కల, పిల్లుల భస్మమును సైతము అట్లు దాచుకొనువారు గలరు. ఆ దేశములకు పోయిన మన పిల్లల ద్వారా ఈ మాట మన యిండ్లకును వచ్చుచున్నది. విని చెవులు మూసికొనువారు కొందరు, జాలిపడువారు కొందరు. ఈ వాడుక ఎట్లు పుట్టినదో తెలిసికొన్న పిదప మంచి చెడ్డలు నిర్ణయించుట మేలని మా యభిప్రాయము.

ఇంగ్లండులో 1649 జనవరి 30వ తేదీన మొదటి చార్లెసు రాజునకు శిరచ్ఛేదము జరిగెను. ఆయన పక్షమువారు ఆయన చిత్రమును, తలవెండ్రుకలను ఉంగరములలో పొదిగించి రహస్యముగా ధరించిరి. తరువాత సంపన్నులు తమ మరణశాసనములలో బంధుమిత్రులకు సంతాపపు టుంగరములు పంచవలెనని వ్రాయుట పరిపాటి యయ్యెను. వానిపై మృతుని పేరు, మరణించిన తేదీ, వయస్సు చెక్కించెడివారు. 1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్టు మరణించినది మొదలు 1901లో తాను కన్నుమూయువరకు విక్టోరియా రాణి నల్లని దుస్తులు విడువలేదు. ఆయన కేశములు గల లాకెట్టును ధరించెడిది. రాణిని చూచి ప్రజలును నల్లని నగలు కోరిరి. యార్కుషైరు తీరమునందలి విట్బీ పట్టణమున దొరకు జెట్ అను నల్లని పదార్థమునకు గొప్ప గిరాకి కలిగెను.

అయితే వారు దాచినది కేశములే గాని భస్మము కాదు. అచ్చట ఖననమే ఆచారము. 1874లో రాణిగారి వైద్యులలో నొకడైన సర్ హెన్రీ థాంప్సన్ ప్రభృతులు దహనమును ప్రోత్సహించుటకు సంఘము స్థాపించిరి. 1884లో వేల్సునందు విలియం ప్రైస్ అను వైద్యుడు తన పసిబిడ్డను దహనము చేయబూనగా వ్యాజ్యము నడచి, దహనము నేరము కాదని తేలెను. 1885లో వోకింగులో దహనశాల పని ప్రారంభించెను. 1902లో చట్టము వచ్చెను. నేడు ఆ దేశమున నూటికి 75 మందికి పైగా దహనమే జరుగుచున్నది. భస్మము ఇంటికి వచ్చిన పిదపనే భస్మాభరణము వచ్చినది.

చితాభస్మములో అధికభాగము కాల్షియం ఫాస్ఫేటు. చిటికెడు భస్మమును కరగిన గాజులో కలిపి పూస చేయుదురు. లేదా బోలు పతకములో నుంచి మూత బిగింతురు. 1954లో అమెరికాలోని జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థవారు కృత్రిమ వజ్రమును తయారుచేసిరి. ఆ మార్గముననే ఈ శతాబ్దారంభము నుండి భస్మమందలి కర్బనముతో వజ్రములు చేయుచున్నారు. చితిలో కర్బనము చాలవరకు వాయువై పోవును, మిగులునది స్వల్పము. 2016లో కేథలిక్ మతపీఠమువారు భస్మమును నగలుగా చేయరాదని శాసించిరి.

మనకు చితాభస్మము అనాదిగా ఉన్నను దానిని నగ చేసికొనలేదు. అస్థిసంచయనము చేసి గోదావరిలోనో, కృష్ణలోనో, ఉన్నచోటనుబట్టి కావేరిలోనో కలుపుదుము. మన పద్ధతి విడుచుటయే గాని దాచుట కాదు.

అయినను దాచినవారును మన నేలపై నుండిరి. 1892లో అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాఖాధికారి భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించగా, రాతిభరిణలలో స్ఫటికపు పాత్రలు, బంగారు పూవులు, పూసలు, బుద్ధధాతువు లభించెను. అవి క్రీస్తునకు పూర్వము నాటివి. ఒక భరిణపై కుర అనువాని తండ్రి, తల్లి, కురుడు, శివుడు దానిని చేయించిరని బ్రాహ్మీలిపిలో నున్నది. రెండువేల యేండ్లకు పైబడినను ఆ కుటుంబము మనకు తెలియుచున్నది. అందులకు కారణము స్ఫటికము కాదు, బంగారము కాదు, అక్షరము. పేరు చెక్కని నగ మూడవ తరమున మూగదగును.

మన యిండ్లలోని ఇత్తడి బిందెలపై, కంచు చెంబులపై మన పెద్దల పేర్లు తెలుగులో చెక్కబడి యున్నవి. హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను పెరుగుచున్న మనుమలలో ఎందరు వానిని చదువగలరు? భస్మమును నగ చేయింతురో, నదిలో కలుపుదురో, అది ఎవరి యింటి నిర్ణయము వారిది. కాని తాత పేరును చదువలేని మనుమని మెడలో వజ్రమున్నను అది రాయియే. పిల్లలకు ఆ బిందెలపై నున్న పేర్లతోనే అక్షరాభ్యాసము చేయింపుడని మన కుటుంబముల పెద్దలను కోరుచున్నాము.