ధాన్యసుర: ఇంటి కుండనుండి గుత్తదుకాణమునకు

గడచిన వేసవి సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు అమెరికానుండి కోడుమూరునకు వచ్చి, తల్లిదండ్రులను జూచుకొని, మఱునాటి యుదయమున మా యింటికి వచ్చెను. అతని తండ్రి మగ్గము నేయువాడు. కుమారుడు వాషింగ్టను రాష్ట్రమున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. కుశలప్రశ్నలయిన పిమ్మట నతడు జేబులోనుండి యొక కాగితపు పొట్లము దీసి మా చేత బెట్టెను. విప్పి చూడగా ఎండిన లేతపచ్చని పువ్వులు. పొరమీద పొరగా, తేలికగా, నలిపినచో జిగురు జిగురుగా నున్నవి. వాసన ఘాటైనది.

"అయ్యవారూ, ఇవి హాప్సు పువ్వులు. అక్కడ మేము సెలవునాడు ఇంటిలోనే బీరు కాచుకొందుము. ఈ తీగ మన హంద్రి యొడ్డున బ్రదుకునా?" యని యడిగెను.

ఉపాధ్యాయుని యింటికి వచ్చి యడుగదగిన ప్రశ్నయా యిది యని మా యింటివారు లోపల గాజులు చప్పుడు చేసి తమ యభిప్రాయమును దెలిపిరి. చదువరులలో గొందఱి యభిప్రాయమును నదియే కావచ్చును. మేము మద్యమును ముట్టినవారము కాము. ముట్టుమని యెవరికిని జెప్పబోము. అయినను ప్రశ్న యడిగినవాడు మా శిష్యుడు. ప్రశ్నలో జరిత్ర యున్నది. ఆ చరిత్రలో మన యిండ్ల కష్టసుఖములు చాల గలవు. కావున దానికి సమాధానము వ్రాయుట దోషము కాదని తలంచితిమి.

మొదట తీగ సంగతి. హాప్సు గంజాయి కుటుంబమునకు జేరిన యల్లుకొను మొక్క. ఆడుతీగల పువ్వులే పనికి వచ్చును. వాని పొరల మొదట నుండు పసుపుపచ్చని పొడియందే చేదును, సువాసనయు, పానీయము చెడిపోకుండ గాచు గుణమును గలవు. ఇది శీతకాలమున నేలలో నిద్రించి, వసంతమున లేచి, వేసవి దీర్ఘదినములలో ఇరువది యడుగుల యెత్తునకు బ్రాకి పూయును. 35వ డిగ్రీకిని 55వ డిగ్రీకిని నడుమనున్న దేశములు దానికి స్వస్థానములు. మా కోడుమూరు 16వ డిగ్రీకి లోపలనే యున్నది. ఇచట మిక్కిలి పొడవైన పగలు కూడ సుమారు 13 గంటలే. తీగకు వలసిన చలియు లేదు, వలసిన పగలును లేదు. కుండీలో మొలచినను పువ్వు పట్టుట దుర్లభము. మన దేశమున దీనికి దగిన చోటు హిమాచలప్రదేశమునందలి లాహౌలు లోయవంటి మంచుప్రాంతమే గాని మన నల్లరేగడి కాదు. మా శిష్యుడున్న రాష్ట్రమునందలి యాకిమా లోయ అమెరికాలో హాప్సుపంటకు ముఖ్యస్థానము. అక్కడ తేలికగా దొరకుటచేతనే యతనికి బుద్ధి యిటు పోయినది.

ఐరోపాలో సైతము బీరు పుట్టినపుడు హాప్సు లేదు. యవలను మొలకెత్తించి, యెండబెట్టి, వేడినీట నానవైచి, ఆ తియ్యని రసమును పులియబెట్టుట మాత్రమే యుండెను. 12వ శతాబ్దమునందలి జర్మను సన్యాసిని హిల్డెగార్డు, ఈ పువ్వు పానీయములను చెడకుండ నిలుపునని వ్రాసినది. 1516లో బవేరియా ప్రభువులు బీరున యవలు, హాప్సు, నీరు దక్క మఱేమియు గలుపరాదని శాసించిరి. ఆ శాసనమున పులియజేయు మూలపదార్థము పేరే లేదు. అది యేదో వారికి దెలియదు. 1876లో లూయీ పాశ్చరు బీరునుగూర్చి గ్రంథము ప్రకటించిన పిదపను, 1883లో కోపెన్‌హేగెనున హాన్సెను శుద్ధమైన ఈస్టును వేరుపఱచిన పిదపను గాని, కుండలో జరుగు పని స్పష్టము కాలేదు. అంతకు మునుపు ఇంగ్లండున నింటింట బీరు గాచినది స్త్రీలు. రొట్టె కాల్చుట యెట్టిదో యిదియు నట్టిదే. హాప్సు వచ్చి బీరు నిలువయుండుట మొదలైనంతనే దూరమునకు బంపి యమ్ముటకు వీలు కలిగి, పెద్ద కార్ఖానాలు వెలసి, పని స్త్రీల చేతినుండి జాఱెను. ఈ సంగతి ముందు మనకు బనికి వచ్చును.

ఇక మన దేశము. "బీరు దొరలు తెచ్చిన వస్తువు గదా" యని మా సహోపాధ్యాయు డొకడనెను. పేరు దొరలది, పని మనకును బ్రాతదే. శతపథబ్రాహ్మణమున సౌత్రామణి యను యాగము చెప్పబడినది. అందులకు వలయు సురకు మొలకెత్తిన వరి, మొలకెత్తిన యవలు, పేలాలు, నగ్నహువను మూలికల కలుపు – ఇవి సామగ్రి. వీనిని గూర్చి మూడు రాత్రు లుంచి పులియబెట్టుదురు. గింజను మొలకెత్తించినచో దానిలోని పిండి చక్కెరగా మాఱు శక్తి పుట్టును. చక్కెర యున్నగాని పులియుట జరుగదు. ఇంగ్లీషువారు మాల్టనునది యిదియే. మన తల్లులు బిడ్డలకు బెట్టు రాగిమాల్టునకు రాగులను నానబెట్టి, మూటగట్టి, మొలక రాగానే యెండబెట్టి విసరుదురు గదా! బీరునకు మొదటి మెట్టు ఆ రాగిమూటయే. రెండవ మెట్టెక్కకుండుట మన యిచ్ఛ.

మనువు సురను గౌడి, పైష్టి, మాధ్వి యని మూడు విధములుగా జెప్పి, ద్విజులకు మూటిని నిషేధించెను. పిండినుండి పుట్టునది పైష్టి. మన కథ దానిదే. నిషేధ మున్నదనగా నాచారమును నుండెనని వేఱుగ జెప్పనేల?

ఈ విషయమున మిక్కిలి వివరముగ మాటలాడినవాడు కౌటిల్యుడు. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారు కనుగొని 1909లో ప్రకటించిన యర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణము గలదు. మేదకమను పానీయమునకు ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థల కిణ్వము. ద్రోణమునకు 16 ప్రస్థలు గనుక, నీరు 16, బియ్యము 2, కిణ్వము 3 అన్నమాట. బియ్యముకంటె కిణ్వమే యెక్కువ! ఆ కిణ్వ మెట్టిదనగా, పచ్చివిగాని యుడికించినవిగాని మినుముల ముద్ద, అంతకు మూడవవంతు హెచ్చుగా బియ్యము, కొన్ని మూలికలు. మినుములు, బియ్యము కలిపి పులియబెట్టుట యనగానే మన గృహిణులకు ఇడ్డెనపిండి తోపక మానదు. రెండును నొకటే యని మేమనము. కాని మన వంటయింటి విద్యకును సురాగారపు విద్యకును నడుమ గోడ యెంత పలుచనిదో చూపుట కీ యుదాహరణము చాలును.

అదే ప్రకరణమున నింకొక విశేషము. సుర చేయుట, అమ్ముట రాజు చేతిలోని వ్యవహారము. రాజపణ్యము గాని మద్యముపై నూటికి 5 సుంకము. అయినను గృహస్థులు శుభకార్యములందు తెల్లని సురను, ఔషధార్థము అరిష్టమును తామే చేసికొనవచ్చును. ఉత్సవములకు, యాత్రలకు నాలుగు దినముల సెలవు. కఠినుడని పేరుపడిన కౌటిల్యుడు సైతము ఇంటి కుండను బగులగొట్టలేదు. అట్లని యా కాలమును స్వర్గమని తలంపరాదు. కిణ్వమునకు వలయు వస్తువులను స్త్రీలును బాలురును బోగుచేయవలెనని అచటనే యున్నది. కష్టము వారిది, ఆదాయము బొక్కసముది.

మా ప్రాంతమున ధాన్యసుర యింటింట గాచినట్లు చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. పశ్చిమకర్నూలు వారి పానీయము ఈతకల్లు. దానిని గాచువారు లేరు; ఈడిగవారు చెట్టు గీచి కుండ గట్టినచో గాలిలోని ఈస్టే పని చేయును. తెల్లవాఱినపుడు తీపి, సాయంకాలమునకు పులుపు, మఱునాటికి సిర్క. ఇండ్లలో మిగిలిన కుండ జొన్నయంబలి కుండ. రాత్రి కలిపిన యంబలి యుదయమునకు సన్నగ పులిసి, ఎండలో బోవు కూలివానికిని మగ్గపు గుంతలో గూర్చున్న నేతగానికిని జల్లదన మిచ్చును. సంస్కృతవైద్యులు కాంజికమనియు ధాన్యామ్లమనియు జెప్పినది, సర్కారులలో తరవాణి యనునది, దీని సోదరులే. ఈ కుండ పులుపు దగ్గఱ నాగును; మత్తువఱకు బోదు. మన్యపు సరిహద్దులు దాటి కోరాపుట్టు, బస్తరు కొండలలో నిదే రాగికుండ యింకొంత దూరము నడచి లంద యగును. అది బీరునకు సాక్షాత్తు చుట్టము. సంతనాడును పండుగనాడును కొండవాండ్రు అన్నమునకు బదులుగా దానిని గ్రహింతురు.

ఇంటిపానీయముపై జేయి వేసినపుడు జరిగినది తెలుగుదేశచరిత్రలో నున్నది. రంప కొండలలో కల్లు గీచుకొనుట ప్రజల ప్రాతహక్కు. మునసబుదారు "చిగురుపన్ను" పేర దానిపై బన్ను గుంజుచుండగా, దొరతనమువారి క్రొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటివాడకమునకు సైతము కల్లు గీయరాదనియు, గుత్తదారునకు సొమ్ము చెల్లింపవలెననియు నేర్పడెను. తమ చెట్టు కల్లు తాము త్రాగుటకు సమతలమునుండి వచ్చిన పరాయివానికి రూపాయి లీయవలెనట! 1879 మార్చిలో రంప తిరుగబడినది. పోలీసుఠాణాలు తగులబడెను, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు నాయకులైరి, సైన్యములు దిగెను. మునసబుదారు పదవి పోయెను. తిరుగుబాటునకు వేఱు కారణములును గలవు. కాని అగ్గిపుల్ల గీచినది కల్లుకుండయే.

1886లో చెన్నపట్టణపు ఆబ్కారీ శాసనము వచ్చినది. లైసెన్సు లేక కాచుట, గీచుట, అమ్ముట నేరములు. చెట్టునకు బన్ను, అంగడికి వేలము. వేలమున హెచ్చు పాడినవాడు తన సొమ్ము రాబట్టుకొనవలెను గనుక, త్రాగువాడెంత త్రాగిన నంత మేలు. ఇంగ్లండున కార్ఖానా చేసిన పనిని మన దేశమున వేలపుపాట చేసెను. పండుగకుండ పోయి, ప్రతిదినపు దుకాణము వచ్చెను. తక్కువ కారము గల పులిసిన పానీయము వెనుకబడి, బట్టీసారా ముందునకు వచ్చెను. మగవాని కూలి సాయంకాలమున నింటికి రాక దుకాణమునకు బోవుట కిదియొక రాజమార్గము. గురజాడవారు కన్యాశుల్కమున సారాదుకాణపు రంగమును నాటకము నడుమ నిలిపిన కాల మిదియే.

సంస్కర్తలు దీనిపై యుద్ధము చేసిరి. 1937 అక్టోబరు 1వ తేదిని రాజగోపాలాచార్యులవారు సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభించి, మఱుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసిరి. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపుపన్ను పుట్టినది. నిషేధము పోయినను ఆ పన్ను మాత్రము పోలేదు. 1948 అక్టోబరు నాటికి రాజధాని అంతటను నిషేధమే. ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు ముఖ్యపట్టణమైన పిదప, నిషేధము నడచుచున్న తీరును విచారించిన ఎస్. వి. రామమూర్తిగారి సంఘము దానిని దీసివేయుట మేలనెను. ప్రకాశము పంతులుగారి మంత్రివర్గ మందుల కొప్పుకొనలేదు. 1954 నవంబరులో, మా యూరికి సమీపముననే యున్న కర్నూలు శాసనసభలో, ఒక్క యోటు తేడాతో వారి ప్రభుత్వము కూలెను. కల్లుకుండ రంపలో సైన్యమును దింపినది. కర్నూలులో మంత్రులను దింపినది.

పిదప 1968లో ఎక్సైజు శాసనము, మరల పాటలు, మరల సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి లేచిన స్త్రీలు చీపురులు, కారపుపొడి చేతబట్టి దుకాణముల నడ్డిరి. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణనిషేధము. 1997లో నది సడలెను. ఇందు మాకు ముఖ్యముగ దోచున దొకటి. ఆ స్త్రీలు పోరాడినది ఇంటికుండతో గాదు. వారి పోరాట మంతయు ఊరి మొగదలకు బొట్లములతో వచ్చిన గుత్తదారుతో. వారిలో ననేకులు వయోజనపాఠశాలలో నక్షరములు దిద్దుచు నీ సంగతి చర్చించికొన్నవారు. ఉపాధ్యాయుల మగు మాకు నది గర్వకారణము.

కుండ మరల నింటికి వచ్చినచో బాగుపడుదుమని వాదించు మిత్రులు కొందఱు గలరు. మేమంత దూరము పోలేము. మా తరగతులలో, తండ్రి త్రాగివచ్చిన రాత్రి నిద్రలేక ఉదయమున బల్లపై దలవాల్చు పిల్లలను జూచితిమి. ఆ త్రాగుడు లైసెన్సుదో, దొంగబట్టీదో, ఇంటిదో యని పిల్ల యడుగదు. పైగా నింటిలో గాచు పని యెవరి నెత్తిన బడునో వేఱుగ జెప్పవలయునా? అయినను పాపమంతయు పులియుట యను ప్రకృతిధర్మముపై మోపుటయు న్యాయము కాదు. రాబడికై మత్తును బెంచి, అదే రాబడిని జూపి మాన్పలేమను దొరతనములకు, పాతవైనను క్రొత్తవైనను, అందు బెద్దపాలు గలదు.

మా శిష్యునకు జెప్పిన సమాధాన మిది. అమెరికాలో 1978లో కార్టరు అధ్యక్షుడు సంతకము చేసిన శాసనముచే గృహస్థుడు తన యింటివాడకమునకు బన్ను లేక బీరు కాచుకొనవచ్చును. ఇద్దఱు పెద్దవారున్న యింటికి ఏటికి 200 గాలనులు. మన రాష్ట్రమున లైసెన్సు లేక కాచుట నేరము. కావున ఇచట నా పని తలపెట్టకుము. తీగయు నిచట బ్రదుకదు.

అతడు నవ్వి, "మా అమ్మయు నిదే యన్నది, అయ్యవారూ. 'అంత పులిసినది కావలెనన్న జొన్నంబలి త్రాగుము, ఉల్లిపాయ నంజుకొనుము' అన్నది" అనెను. పొట్లమును మాత్రము మాయొద్దనే విడిచిపోయెను. బడి తెఱచినపుడు వృక్షశాస్త్రపు పాఠమున నా పువ్వులను పిల్లల కందించితిమి. ముందుబల్ల పిల్ల యొకతె కొఱికి చూచి, ముఖము ముడిచి, ఉగాదిపచ్చడిలోని వేపపువ్వు దీనికంటె మేలనెను.