ఇంజిన్ రీబిల్డింగ్ కొలత పరికరాలు

విప్పిన ఇంజిన్‌ను తిరిగి బిగించే ముందు సిలిండర్, పిస్టన్, క్రాంక్ జర్నల్ ఎంత అరిగాయో తేల్చే సాధనాలివి. మామూలు వెర్నియర్ 0.02 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. జర్నల్‌కు కనీసం 0.01 చూపే మైక్రోమీటర్ కావాలి. సిలిండర్‌లో దించే డయల్ బోర్ గేజ్‌ను సాధారణంగా మైక్రోమీటర్‌తోనే సెట్ చేస్తారు. అందుకే ముందు డబ్బు మైక్రోమీటర్ మీద పెట్టడం మేలు.

ఇవి హైదరాబాద్‌లో కొనాలంటే, బషీర్‌బాగ్ నుంచి ట్యాంక్‌బండ్ దాటితే పనిముట్ల బజారు రాణీగంజ్ వస్తుంది.

సెకండ్‌హ్యాండ్ సరుకైతే సున్నా కలుస్తోందా, రాచెట్ సాఫీగా తిరుగుతోందా, కొలిచే ముఖాలు నొక్కుల్లేకుండా ఉన్నాయా చూడాలి. 1968లో ఏర్పడిన బాలానగర్ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ క్యాలిబ్రేషన్ కూడా చేస్తుంది. కొలతలకు అంతర్జాతీయ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. హైదరాబాద్ ఎండల్లో లోహం వ్యాకోచిస్తుంది కనుక, భాగాన్నీ పరికరాన్నీ ఒకేచోట చల్లారనిచ్చాకే కొలవాలి.