అక్వైర్, రిలీజ్: తాళం దగ్గర పుట్టిన జంట

అక్వైర్, రిలీజ్ కెర్నల్ కోడ్ రాసేవాళ్ల నోట రోజూ నలిగే మాటలు. పుట్టిల్లు మాత్రం తాళం. లాక్ చేజిక్కించుకోవడం అక్వైర్, వదిలిపెట్టడం రిలీజ్. 1990లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ‘రిలీజ్ కన్సిస్టెన్సీ’ని ప్రతిపాదించాక ఈ జంట మెమరీ వరుసక్రమానికీ పేరైంది.

ఒక కోర్ డేటాలో 42 రాసి, ఆ తర్వాత ‘డేటా సిద్ధం’ అని చెప్పే జెండాలో 1 పెట్టిందనుకోండి. రెండో కోర్ జెండా 1 అయిందని చూసుకునే డేటా చదివింది. 42 రావాలి కదా! ఏఆర్‌ఎం ప్రాసెసర్ మీద పాత విలువే రావచ్చు. రాతలు అవతలివాళ్లకు కనబడే వరుస మారి ఉండొచ్చు, లేదా రెండో కోరే డేటాను ముందుగా తెచ్చిపెట్టుకుని ఉండొచ్చు. జెండాను రిలీజ్‌తో రాస్తే అంతకుముందు చేసిన పనులేవీ దాన్ని దాటి కిందికి జారవు. అక్వైర్‌తో చదివితే తర్వాతి పనులేవీ దానికంటే పైకి ఎక్కవు. ఒకవైపే పెట్టి ఊరుకుంటే ఫలితం లేదు. నేను పదేపదే దిద్దే తప్పు ఇదే.

ఒకే కోర్ ముందు అక్వైర్, తర్వాత రిలీజ్ చేస్తే బయటి పని ఈ రెంటి మధ్యకు రావచ్చు, లోపలిది మాత్రం బయటికి పోకూడదు. తాళం వేసిన గది కాపాడేదీ అదే. అందుకే అన్నివైపులా అడ్డుకట్ట వేసే ఫుల్ బ్యారియర్ కంటే ఈ జంటే నాకు ఇష్టం: ఎవరు అప్పగిస్తున్నారో, ఎవరు అందుకుంటున్నారో కోడ్‌లోనే కనబడుతుంది. 2011 సీ ప్రమాణంలో ఈ పేర్లున్నాయి. లినక్స్‌లో ఎస్‌ఎంపీ లోడ్ అక్వైర్, ఎస్‌ఎంపీ స్టోర్ రిలీజ్ 2014లో వచ్చాయి.