పిల్లలు కౌన్సెలింగ్‌కు రానంటున్నారా? ముందు మీరే ఫోన్ చేయండి

టెన్త్, ఇంటర్ చదివే పిల్లలు కొందరు ఉన్నట్టుండి గదిలోంచి బయటకు రారు. పలకరిస్తే విసుక్కుంటారు. నిద్ర, తిండి, చదువు గాడి తప్పుతాయి. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే 'నాకేమైనా పిచ్చా?' అని ఎదురు తిరుగుతారు. చాలామంది తల్లిదండ్రులు అక్కడే ఆగిపోతారు. నిజానికి వాళ్లు రాకపోయినా మీరు సాయం తీసుకోవచ్చు. ఇంట్లో మీ తీరు మారితే పిల్లల్లోనూ మార్పు మొదలవ్వొచ్చు.

ఎవరికి ఫోన్ చేయాలి?

టెలి మానస్ నంబరు 14416. కేంద్రం 2022 అక్టోబరు 10న దీన్ని ప్రారంభించింది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు.

ఏం చెప్పాలి?

మార్పు ఎప్పటి నుంచి కనిపిస్తోంది, ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, కాలేజీకి వెళ్తున్నారా, తమను తాము గాయపరుచుకున్నారా? ఇవి ముందే రాసి పెట్టుకోండి. ఇంట్లో గొడవలుంటే అవీ దాచకండి.

ఇంట్లో ఏం మారాలి?

- పక్కింటి పిల్లలతో, మార్కులతో పోల్చడం ఆపండి.
- రోజూ కాసేపు సలహాలివ్వకుండా వినండి.
- ఫోన్, నిద్ర వేళలపై అమ్మానాన్న ఒకే మాట మీద ఉండండి. ఒకరు వద్దన్నది మరొకరు ఇస్తే ఏ నియమమూ నిలవదు.

నేరుగా ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉందేమో కనుక్కోండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. పిల్లలపై వేధింపులు జరుగుతుంటే 1098కి చెప్పండి.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే?

భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, 18 ఏళ్లలోపు వారిని చేర్చుకునే ముందు ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. పెద్దలతో కాకుండా వేరుగా ఉంచాలి. మీరో, మీరు నియమించిన మనిషో తోడుండాలి.

'చచ్చిపోతా' అంటే?

బెదిరింపని కొట్టిపారేయకండి. 'చనిపోవాలనిపిస్తోందా?' అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందులు అందకుండా తాళం వేయండి. ప్రాణాపాయం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.