దుర్గము

దుర్గ మనగానే నేడు మనకు కోటయే స్ఫురించును. రాయదుర్గము, కల్యాణదుర్గము వంటి ఊళ్ళ పేర్లలో ఆ మాట నిలిచియున్నది. కాని పుట్టుకలో ఈ మాటకు గోడలు లేవు, బురుజులు లేవు. 'దుర్' అనగా కష్టము. 'గమ్' అనగా పోవుట. పోవుటకు కష్టమైనది దుర్గము.

ఋగ్వేదమున ఈ పదము ఆపదలకు వాడబడినది. నావ నదిని దాటించినట్లు అగ్ని తమను దుర్గములు దాటింపవలెనని ఋషి కోరినాడు. అక్కడ దుర్గము దాటిపోవలసినదే గాని చేరవలసినది కాదు. దుర్గతి నుండి దాటించు తల్లి గనుక దేవికి దుర్గ యను పేరు కలిగెనని పెద్దలు చెప్పుదురు.

రాజనీతివేత్తల చేతిలో ఈ మాట మరియొక దారి పట్టినది. మనకు కష్టమైన చోటు శత్రువునకును కష్టమే కదా! ఆ కష్టమునకు వెనుక నిలిచినచో అదియే రక్ష. కౌటిల్యుడు రాజ్యాంగము లేడింటిలో దుర్గము నొకటిగా లెక్కించి, నీరు, కొండ, ఎడారి, అడవి అను నాలుగు విధములు చెప్పినాడు. మనుస్మృతి ఆరింటిని పేర్కొని గిరిదుర్గము మేలన్నది. ఆ ఆరింటిలో నృదుర్గ మొకటి. అనగా మనుష్యులే కోట యన్నమాట.

ఇక మన దేశపు గిరిదుర్గము నొకదానిని చూతము. నెల్లూరు సీమలోని ఉదయగిరి గజపతుల వశమున నుండగా శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించెను. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగినది. కోటకు ఒక్కటే దారి యనియు, అందులో ఒకరి వెనుక నొకరుగా తప్ప నడువ వీలులేదనియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. రాయలు బండలు పగులగొట్టించి, ఆ ఇరుకు దారిని వెడల్పు చేయించి, కొండమీదికి మరికొన్ని బాటలు వేయించెనట. 1514లో ఉదయగిరి లొంగినది. అచ్చటి బాలకృష్ణుని విగ్రహము హంపికి తరలి, 1515లో క్రొత్త ఆలయమున ప్రతిష్ఠితమైనది.

ఆ ముట్టడిలో సైన్యము చేసిన పని యేమి? దుర్గమమును సుగమము చేయుట. దారి పడినపిదప కోట నిలిచియున్నను, దాని పేరున కర్థము మిగులలేదు.

లోపలివారి సంగతియు తలపవలెను. శత్రువునకు చొరరాని కొండ, ముట్టడి పడిన నాడు తమకు వెలువడరాని కొండ యగును. ధాన్యము తరుగుచుండ, కోనేటి నీరు అడుగంటుచుండ, రక్ష యనుకొన్నదే ఆపద యగును. వేదకాలపు పాత యర్థము మరల తలుపు తట్టినట్లే. అందుచేతనే కాబోలు, మన పూర్వులు కొండలను నమ్ముకొన్నను, మనుష్యులను కూడ దుర్గములలో చేర్చినారు.