మూట కథ

1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి మీద ఒక కమిషన్ వేసింది. వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించి, పూర్తి నిషేధం అక్కర్లేదు, లైసెన్సులూ పన్నులూ చాలని అది తేల్చింది. 1985లో మాదకద్రవ్యాలను అరికట్టే ఎన్.డి.పి.ఎస్. చట్టం వచ్చేదాకా దాదాపు అదే దారి.

చింతపల్లి మన్యంలో టీచరుగా పనిచేసిన రోజుల్లో ఆ చట్టం నాకు ఒక పిల్లాడి రూపంలో ఎదురైంది. పదో తరగతి. చురుకైనవాడు, లెక్కల్లో ముందుండేవాడు. రెండు వారాలు బడికి రాలేదు. వాళ్ళింటికి వెళ్తే, "మూట దించితే డబ్బులిస్తారు సార్" అన్నాడు. ఆ గంజాయి మూట 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళ జైలని వాడికెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన'తో వేల ఎకరాల్లో గంజాయి మొక్కలు నరికేశారు. మరుసటి ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. ఇప్పుడు మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర పోలీసు విభాగం 'ఈగల్'కు 1972 ఫోన్ నంబరుంది, 2020లో మొదలైన కేంద్ర ప్రచారం నశా ముక్త్ భారత్‌లో ఆన్‌లైన్ ప్రతిజ్ఞ ఉంది. మంచివే. కానీ ప్రతిజ్ఞ పాఠం కాదు. మన్యం పిల్లాడికి గంజాయికి బదులు పండించగల కాఫీ, రాజ్‌మా ధరలూ, ఈ కేసుల్లో బెయిలు దొరకడం ఎంత కష్టమో కూడా చెప్పాలి.

అందుకే రిటైరయ్యాక నా పాత విద్యార్థులకు ఫోన్లో వాయిస్ పాఠాలు పంపుతున్నాను. మొన్నటి దాంట్లో మూట సంగతి చెప్పాను. సిగ్నలు అందే చింతచెట్టు కింద వాళ్ళ తమ్ముళ్ళూ చేరి విన్నారట.